'బాగుండాను నాయనా' అంటే నమ్మి వచ్చేయొద్దు

మొన్న తిరుపతి జీవకోన వైపు రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక అవ్వ మధ్యాహ్నం వడదెబ్బకు సోలిపోయి కనిపించింది. పొద్దున మా పిల్లోడు ఫోన్ చేస్తే "బాగుండాను నాయనా" అనిందంట. మేం వెళ్లేసరికి ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది, మంచం పక్కన ముందురోజు ఇచ్చొచ్చిన నీళ్ల సీసా నిండుగా అలాగే ఉంది. వంకరపోయిన ఆ వేళ్లతో మూత తిప్పలేకపోయింది పాపం. 108 వచ్చింది కాబట్టి బతికింది. రోహిణి కార్తె ఇంకా ముందుంది.

గొడుగు, మజ్జిగ సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పేది ఒక్కటే, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను ఫోన్లో బాగున్నారా అని అడిగి, బాగున్నాం అంటే పెట్టేయొద్దు. మనల్ని ఇబ్బంది పెట్టకూడదని వాళ్లు ఎప్పుడూ అదే అంటారు. వెళ్లి చూడండి.

చూడటం అంటే: నీళ్లు ఎంత తగ్గాయి, నాలుక తడిగా ఉందా, పొద్దుటి నుంచి ఒంటికి ఎన్నిసార్లు వెళ్లారు. వయసు పైబడితే దాహం సరిగ్గా తెలియదు, పైగా బాత్రూం బయట ఉంటే లేవాల్సొస్తుందని కావాలనే నీళ్లు తగ్గించేస్తారు. బీపీకి, కాళ్ల వాపుకి ఇచ్చే కొన్ని మాత్రలు ఒంట్లో నీళ్లను లాగేస్తాయి. అలాగని మాత్రలు మీరు ఆపించొద్దు, డాక్టరును అడగండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు నీళ్లు ఎన్ని తాగొచ్చో కూడా ఆయన్నే అడగాలి.

ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్లలోనే కలపండి, గ్లాసులో సగం పొడి వేసి ఇవ్వొద్దు. సీసా మూత వదులు చేసి పెట్టండి, చెంబైతే ఇంకా మేలు. రేకుల కింద ఫ్యాన్ వేడిగాలినే తిప్పుతుంది, మధ్యాహ్నం నీడున్న పక్కింటి వసారాకు తీసుకెళ్లండి.

మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టకపోయినా వెంటనే 108. అది వచ్చేలోపు చల్లని చోట పడుకోబెట్టి, ఒంటి మీద నీళ్లు చల్లుతూ విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో చుక్క కూడా పోయొద్దు. జ్వరం మాత్ర ఇవ్వొద్దు, వడదెబ్బకు అది పనిచేయదు. బాత్రూం గడియ లోపల పెట్టుకోనివ్వొద్దు. ఒంటరిగా వెళ్లొద్దు, ఇద్దరు వెళ్లండి. పింఛను డబ్బులు, ఏటీఎం కార్డు ముట్టుకోవద్దు, వాళ్లు ఇచ్చినా సరే. ఫొటోలు తీసి స్టేటస్ పెట్టొద్దు. ఇంట్లోవాళ్లు కొడుతున్నారనో, అన్నం పెట్టట్లేదనో అనుమానం వస్తే గొడవకు దిగొద్దు, 14567కి ఫోన్ చేయండి, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ అది. బాగున్నాం అన్నా వెళ్లి చూడండి, మళ్లీ చెబుతున్నా. ఫోన్ ఎత్తకపోతే నిద్రపోయి ఉంటారులే అనుకోవద్దు, పక్కింటివాళ్లను అప్పుడే పంపండి. వాళ్ల నంబరు, మారు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈరోజే రాసి పెట్టుకోండి.