జేసీబీ దిగకముందే టైటిల్ ఇన్సూరెన్స్: వరంగల్ బిల్డర్లకు జాగ్రత్తలు

హన్మకొండ, కాజీపేట, హసన్‌పర్తి చుట్టుపక్కల వెంచర్ వేస్తే, దావా భూమి కొన్నప్పుడు రాదు. సగం ఫ్లాట్లు అమ్ముడై, స్లాబులు లేస్తున్నప్పుడు వస్తుంది. ధర పెరిగాకే పాత వాటాదారులకు భూమి గుర్తొస్తుంది మరి. అప్పుడు టైటిల్ ఇన్సూరెన్స్ (భూమి యాజమాన్య హక్కులో లోపం బయటపడితే నష్టం భరించే బీమా) పాలసీ కోసం పరుగెత్తినా లాభం లేదు. అప్పటికే బయటపడిన వివాదాన్ని బీమా కంపెనీ కవర్ చేయదు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 18(2) సెక్షన్ ప్రకారం, టైటిల్ లోపం వల్ల కొన్నవాళ్లు నష్టపోతే ప్రమోటరే, అంటే వెంచర్ వేసిన బిల్డరే, పరిహారం కట్టాలి. దానికి కాలపరిమితి అడ్డు రాదు, అపార్ట్‌మెంట్ అప్పగించి పదిహేనేళ్లయినా సరే. టైటిల్ ఇన్సూరెన్స్ పనికొచ్చేది ఇక్కడే: లాయర్ల ఖర్చు, కేసు ఓడితే బీమా మొత్తం వరకు నష్టం కంపెనీ భరిస్తుంది. ప్రీమియం సాధారణంగా ఒక్కసారే.

పాలసీకి అడిగేముందు కాగితాలు తవ్వండి. ఆన్‌లైన్ ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పాత పుస్తకాల్లో వెతికించాలి. పాత రెవెన్యూ రికార్డులైన 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్ నుంచి ఇప్పటి ప్రభుత్వ భూభారతి రికార్డు దాకా పేర్లు ఎక్కడా తెగకుండా రావాలి. మధ్యలో 38-ఈ రక్షిత కౌలుదారు (కౌలు చట్టం కింద యాజమాన్య హక్కు పొందినవాడు) పేరు కనిపిస్తే అక్కడే ఆగండి. అసైన్డ్, వక్ఫ్, దేవాదాయ, సీలింగ్ మిగులు భూములేమో 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చూడండి. ఓరుగల్లు చెరువుల ఊరు కదా, శిఖం (చెరువు గర్భం భూమి), ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీరు నిలిచే మేర), బఫర్ (దాని చుట్టూ కట్టడాలు కూడని స్థలం) హద్దులు నీటిపారుదల శాఖ మ్యాపులోనే తేల్చుకోవాలి.

ఎక్కువ తంటా ఇంటి ఆడబిడ్డల సంతకాల దగ్గరే. పిత్రార్జితంలో కూతుళ్లకు పుట్టుకతోనే వాటా ఉంది. హిందూ వారసత్వ చట్టం సవరించిన 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకం ఉంటే మాత్రం దాన్ని తిరగదోడలేరు. లేకుంటే అక్కచెల్లెళ్లందరి సంతకాలూ తీసుకోండి. నోటి పంపకమైందన్న మాట నమ్మొద్దు.

దొరికిన లోపాన్ని దాచారో, క్లెయిమ్ పోయినట్టే. ప్రపోజల్‌లో రాయండి. కంపెనీ దాన్ని మినహాయించవచ్చు లేదా ప్రీమియం పెంచవచ్చు. ఏదైనా సరే, మీ పరిస్థితి ముందే తెలుస్తుంది.

బీమా మొత్తం దగ్గర చాలామంది పొరబడతారు. 10 కోట్లకు కొన్న భూమిలో 60 కోట్ల ఫ్లాట్లు కడుతూ భూమి ధరకే బీమా చేస్తే, 50 కోట్లకు మీరే జవాబుదారు. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ (భూమి యజమానిది, కట్టడం మీది అన్న ఒప్పందం) మీద కడుతుంటే భూయజమాని పేరు పాలసీలో ఉందో లేదో, ఆయన దాచిన విషయానికి మీ కవర్ పోతుందో లేదో రాతపూర్వకంగా అడగండి.

లీగల్ నోటీసు వస్తే అదే రోజు కంపెనీకి రాతపూర్వకంగా పంపండి. సొంతంగా జవాబు రాయొద్దు. పెద్దమనుషుల్లో కూర్చుని ఐదో పదో లక్షలిచ్చి తెంపుకుందామనుకోవద్దు. కంపెనీ అనుమతి లేని రాజీకి డబ్బు రాదు. దావా ఇంకా పడకపోతే, కంపెనీ ఒప్పుకున్న లాయరుతో కేవియట్ (మా మాట వినకుండా ఆదేశాలివ్వొద్దని కోర్టుకు ముందే పెట్టే అర్జీ) వేయించండి. మీ వాదన వినకుండా స్టే ఇవ్వడం కష్టమవుతుంది. అది 90 రోజులే పనిచేస్తుంది, మళ్లీ వేయాలి.

పాలసీ కాపీ కొన్నవాళ్ల సంఘానికీ ఇవ్వండి. రెరా 16వ సెక్షన్ కింద ప్రభుత్వం నోటిఫై చేసిన బీమా అయితే, అమ్మకం అగ్రిమెంట్ రోజు నుంచే దాని ప్రయోజనం వాళ్లకు బదిలీ అవుతుంది. అప్పటిదాకా ప్రీమియం బాకీ ఉండకూడదు.