అర్థమైందా అంటే ‘ఆ సార్’ అంటారు, స్లిప్ టెస్టులో తెల్లకాగితం ఇస్తారు

కావలి, ఒంగోలు పక్క డిగ్రీ కాలేజీల్లో సైన్స్ చెప్పేవాళ్లం ఎక్కడ కలిసినా ఇదే గోడు. నా కెమిస్ట్రీ క్లాసులో పనిచేసినవి రాస్తున్నాను.

సమస్య: క్లాసులో తలలు ఊపుతారు, వారానికల్లా అంతా మర్చిపోతారు

బద్ధకం అని నేనూ చాలాకాలం తిట్టాను. అసలు కారణం ఏంటంటే, నోట్సు రెండుసార్లు తిరగేస్తే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, కానీ చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా రాయడం వేరు. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ సైకాలజిస్టులు ఒక గుంపు చేత పాఠాన్ని నాలుగు విడతలు చదివించారు, ఇంకో గుంపు చేత ఒక విడత చదివించి మూడుసార్లు చూడకుండా రాయించారు. ఐదు నిమిషాలకు అడిగితే చదివినవాళ్లే ముందున్నారు, వారం తర్వాత అడిగితే వాళ్లకు గుర్తున్నది 40 శాతం, రాసినవాళ్లకు 61.

కాబట్టి మొదటి ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి పోయిన వారం పాఠం (నిన్నటిది వద్దు) గుర్తున్నంత రాయించండి. మార్కులు వేయకండి, వేస్తే పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తారు. తర్వాత నోట్సు తెరిచి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో వాళ్లే దిద్దుకోవాలి. ఇది ఎగ్గొట్టారో, రాసిన తప్పే బుర్రలో నిలిచిపోతుంది.

సమస్య: లెక్క చేస్తారు, అదే తిప్పి అడిగితే బిత్తరపోతారు

ఇది మన పిల్లల జబ్బే అనుకోకండి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ కూడా తన స్టూడెంట్లు లెక్కలు బాగానే చేసి, న్యూటన్ సూత్రాల మీద మామూలు మాటల్లో అడిగితే తప్పు చెప్పడం చూసి, 1991 నుంచి పద్ధతి మార్చాడు. ప్రశ్న వేసి ఎవరికి వాళ్లను జవాబు ఎంచుకోమంటాడు, పక్కవాళ్లతో వాదించుకోమంటాడు, మళ్లీ ఎంచుకోమంటాడు.

నేను హెన్రీ నియమం (ఒత్తిడిని బట్టి నీళ్లలో గ్యాసు ఎంత కరుగుతుందో చెప్పేది) అయ్యాక అడిగేది ఇది: రొయ్యల గుంటలో ఆక్సిజన్ బాగా తగ్గేది మిట్టమధ్యాహ్నమా, తెల్లవారుజామునా? వేడెక్కితే నీళ్లలో గ్యాసు తక్కువ కరుగుతుందని అప్పుడే చెప్పాను కదా, సగంమంది మధ్యాహ్నం అంటారు. అల్లూరు వైపు నుంచి వచ్చే పిల్లోడు మాత్రం "అదెట్టా సార్, మా నాయన మూడింటికే లేచి ఏరియేటర్లు చూసుకుంటాడు" అంటాడు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలవి). ఇక క్లాసంతా గోల. ఆ గోలే నాకు కావాలి. నియమం చెప్పేది నీళ్లు ఎంత పట్టగలవో, నిజంగా ఎంత ఉందో చెప్పదు; రాత్రంతా ఎండ లేక నాచు ఆక్సిజన్ వదలదు, రొయ్యలూ నాచూ బురదలోని బాక్టీరియా మాత్రం వాడుకుంటూనే ఉంటాయి. ఇది వాళ్లంతట వాళ్లు పట్టుకుంటే మళ్లీ మర్చిపోరు.

మొదటి విడతలో మూడోవంతు కూడా సరిగా చెప్పకపోతే వాదన దండగ, మళ్లీ పాఠం చెప్పండి. ముప్పావు మంది చెప్పేస్తే ముందుకెళ్లండి. చేతులెత్తమంటే టాపర్‌ని చూసి ఎత్తుతారు, కళ్లు మూసుకుని వేళ్లు చూపించమనండి.

సమస్య: "సార్ పాఠం చెప్పడంలేదు" అని కంప్లైంట్

2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లోనే తేలింది: ఇట్లా పనిచేయించిన క్లాసులో, ఊరికే లెక్చర్ విన్న క్లాసుకన్నా ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని వాళ్లకు అనిపించింది. బుర్ర కష్టపడితే రావడంలేదనే అనుకుంటారు. సెమిస్టర్ మొదట్లోనే ఇది చెప్పేయండి. ప్రిన్సిపాల్‌కు కూడా చెప్పండి, వరండాలో పోతూ ఆ గోల వినేది ఆయనే.

సమస్య: సిలబస్ అవదు

నిజమే, కొంత వెనకబడతాం. నేను నిర్వచనాలు, ధర్మాల పట్టికలు బోర్డు మీద రాయడం మానేశాను, ముందురోజే చదువుకు రమ్మంటాను. సగంమంది చదవరు. మరుసటి రోజు మొదటి ఐదు నిమిషాల కాగితంలో వాటినుంచి ఒక ప్రశ్న పెడుతున్నప్పటినుంచి ఇంకొంతమంది చదువుతున్నారు.