పినియోస్ ఒడ్డు ఊళ్లలో సెప్టెంబర్ వానలకు ముందు

గ్రీస్‌లోని థెస్సలీ మైదానం పళ్లెంలా ఉంటుంది. చుట్టూ కొండలు, మధ్యలో పత్తి చేలు. పిండస్ కొండల్లో పుట్టిన పినియోస్ నది ఎనిపెయాస్ లాంటి ఉపనదులను కలుపుకొని, టెంపీ అనే ఇరుకు లోయ గుండా ఏజియన్ సముద్రంలోకి పోతుంది. ఇన్ని నీళ్లకూ ప్రధానమైన దారి అదొక్కటే.

అందుకే ఇక్కడ వాన ఆగితే గండం గడిచిందనుకోకండి. 2023 సెప్టెంబర్‌లో డానియల్ తుపానుకు పెలియన్ కొండ మీది జగోరాలో ఒక్కరోజులోనే 750 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. లారిసా నగరం శివార్లలోకి నది పొంగి వచ్చింది మాత్రం వాన తగ్గాకే. కార్దిత్సా వైపు మెటమోర్ఫోసి ఊరు పూర్తిగా మునిగింది. జనాన్ని ఇళ్ల కప్పుల మీద నుంచి కాపాడాల్సి వచ్చింది. తర్వాత ఆ ఊరివాళ్లు దగ్గరలోని పలామాస్ పట్టణానికి తరలిపోదామని ఓటు వేశారు. పుట్టిన ఊరిని వదిలేద్దామని ఓటు వేయాలంటే ఎంత భయం చూసి ఉండాలి!

ఎవరిని అడగాలో ముందే తెలుసుకోండి. 2011లో అమలైన కల్లిక్రాటిస్ సంస్కరణతో చిన్న ఊళ్లు పెద్ద మునిసిపాలిటీల్లో కలిశాయి. ఊరికి ఎన్నికైన అధ్యక్షుడు ఉంటారు కానీ, ఖాళీ చేయించే నిర్ణయం మేయర్‌ది. ఒకటికి మించి మునిసిపాలిటీలకు ముప్పు ఉంటే ప్రాంతీయ గవర్నర్‌ది. మీ ఊరు ఏ మునిసిపాలిటీ కిందికి వస్తుందో, ఎక్కడికి వెళ్లమంటారో ఇప్పుడే కనుక్కోండి. ఆ రాత్రి టెన్షన్‌లో ఇవేవీ బుర్రకు ఎక్కవు.

అత్యవసర నంబర్ 112 నుంచి ఫోన్‌కు హెచ్చరిక వస్తే సామాన్లు సర్దుకుంటూ కూర్చోవద్దు. మెసేజ్ గ్రీకులోనూ ఇంగ్లీషులోనూ వస్తుంది. పాస్‌పోర్టు, మందులు, ఛార్జర్, నీళ్లు ఒక సంచిలో ముందే పెట్టుకోండి. మంచం పట్టిన పెద్దవాళ్లు ఉన్న ఇల్లు అయితే హెచ్చరిక కోసం కూడా ఆగకుండా వాన సూచన రాగానే బయలుదేరడం మంచిదని నా అభిప్రాయం. గొర్రెలు, మేకలు ఉంటే పగటిపూటే మెరకకు తోలండి. డానియల్‌లో కొట్టాల్లోనే వేలకొద్దీ పశువులు చచ్చిపోయాయి. నీళ్లు పారుతున్న రోడ్డు మీద, కాలువ వంతెన మీద కారు పోనివ్వొద్దు.

తిరిగి వచ్చాక కుళాయి నీళ్లు తాగొచ్చని మునిసిపాలిటీ చెప్పేదాకా సీసా నీళ్లే వాడండి. బురద ఎత్తకముందే ఇంటి లోపలా బయటా ఫొటోలు తీసి పెట్టుకోండి, నష్టపరిహారం అడగడానికి పనికొస్తాయి. బూట్లు, గ్లోవ్స్ లేకుండా బురదలో చేయి పెట్టొద్దు. తర్వాత రోజుల్లో జ్వరం వస్తే, వరద నీళ్లలో తిరిగిన సంగతి డాక్టర్‌కు ముందుగా చెప్పండి.