పెండ్లి వీడియో డీవీడీలో పట్టాలంటే: రెండర్‌కు ముందే సైజు లెక్క

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్ మీద పెండ్లి సినిమా మొత్తం ఎన్ని నిమిషాలుందో చూడండి. 6,00,000ను ఆ నిమిషాలతో భాగించండి. వచ్చిన సంఖ్యే మీ మొత్తం బిట్‌రేట్, కేబీపీఎస్‌లో (అంటే సెకనుకు ఎన్ని వేల బిట్లన్నది). అందులోంచి ఆడియోకు 192 తీసేస్తే మిగిలింది వీడియోది. మామూలు 4.7 జీబీ డీవీడీకి లెక్క ఇంతే, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిస్తే అర నిమిషం పని.

ఈ అర నిమిషం ఎంత విలువైందో నాకు ఒక పెండ్లి తర్వాత తెలిసింది. ప్రొద్దుటూరు దగ్గర పల్లె, చెల్లెలి పెండ్లికని కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన అన్న. తిరిగి పోయేలోపు వాళ్లమ్మ పక్కన కూర్చుని టీవీలో పెండ్లి చూడాలని అడిగినాడు. నేను బిట్‌రేట్ అందాజుగా పెట్టి రాత్రంతా రెండర్‌కు, అంటే చివరి వీడియో ఫైల్ తయారీకి, వదిలేశాను, పొద్దున చూస్తే ఫైల్ డిస్క్ కంటే పెద్దది. మళ్లీ మొదటి నుంచి చేసి డిస్క్ చేతికిచ్చేసరికి ఆయన చెన్నై రైలెక్కేశాడు. ఆ తల్లి ఒక్కతే కూర్చుని చూసింది. అప్పటినుంచి లెక్క వేయకుండా రెండర్ బటన్ ముట్టుకోలేదు.

ఆ 6 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి చూసుకుంటే ఏ డిస్క్‌కైనా మీరే కట్టుకోవచ్చు. డబ్బా మీద 4.7 జీబీ అని ఉంటుంది కదా, అది 470 కోట్ల బైట్లు. బైటుకు 8 బిట్లు, కాబట్టి 3,760 కోట్ల బిట్లు. బిట్‌రేట్ అంటే సెకనుకు ఎన్ని బిట్లు ఖర్చవుతాయన్నది, కేబీపీఎస్‌లో ఒక 'కే' అంటే 1000. 3,760 కోట్లను 1000తో, మళ్లీ నిమిషానికి 60 సెకన్లు కాబట్టి 60తో భాగిస్తే 6,26,000 పైచిలుకు వస్తుంది. పైనున్న 26 వేలు నేను వదిలేస్తాను. వీడియో, ఆడియో కలిపి డీవీడీ రూపంలోకి మార్చేటప్పుడు కొంచెం అదనంగా పోతుంది, మెనూకు కొంత కావాలి (సంగీతంతో కదిలే మెనూ 30 సెకన్లు పెడితే అదే 30 ఎంబీ దాకా తింటుంది), పైగా డిస్క్ లోపలి నుంచి బయటి అంచు వైపు రాసుకుంటూ పోతుంది కాబట్టి అంచు దాకా నింపకపోవడమే మంచిది, చేతివేళ్లు తగిలేదీ గీతలు పడేదీ అక్కడే.

విండోస్‌లో ఖాళీ డిస్క్ పెడితే 4.37 జీబీ అని చూపిస్తుంది. అది చూసి డిస్క్ నకిలీదని అంగడి వాళ్లతో తగువు పెట్టుకోకండి. తయారుచేసేవాళ్లు జీబీకి 100 కోట్ల బైట్లు లెక్కేస్తారు, విండోస్ 107 కోట్ల చిల్లర లెక్కేస్తుంది, డిస్క్ మాత్రం అదే. ఈ గందరగోళం వద్దనుకుంటే ఎప్పుడూ కోట్ల బైట్లలోనే ఆలోచించండి.

ఒక ఉదాహరణ. సినిమా 2 గంటల 10 నిమిషాలు, అంటే 130 నిమిషాలు. 6,00,000ను 130తో భాగిస్తే 4,615. ఆడియో 192 పోతే 4,423, నేను 4,400 పెడతాను. తిరగేసి సరిచూద్దాం: 4,400కు 192 కలిపితే 4,592, దాన్ని 7,800 సెకన్లతో గుణించి 8తో భాగిస్తే సుమారు 448 కోట్ల బైట్లు. 470లో హాయిగా పడుతుంది. గమనించారా, ఈ లెక్కలో ఫ్రేమ్ సైజు లేదు, కెమెరా 4కేనా అన్నది లేదు, ఒరిజినల్ ఫుటేజ్ 200 జీబీ ఉందా 20 ఉందా అన్నదీ లేదు. ఫైల్ సైజును నిర్ణయించేది కాలం, బిట్‌రేట్, ఈ రెండే.

ఆడియో దగ్గర చాలామంది దెబ్బతింటారు. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు డీవీడీ ఎక్స్‌పోర్ట్‌లో ఆడియోను కుదించకుండా పీసీఎంలో పెట్టేస్తాయి, అది 1,536 కేబీపీఎస్. పై 130 నిమిషాల సినిమాకు ఏసీ3 (కుదించిన ఆడియో) 192 బదులు పీసీఎం పోతే అదనంగా 131 కోట్ల బైట్లు, డిస్క్‌లో పావు వంతు కంటే ఎక్కువ. నాదస్వరం బాగా వినపడాలంటే ఏసీ3నే 256 పెట్టండి, చాలు.

ఇప్పుడు సెట్టింగ్స్. ఎంపెగ్-2 (డీవీడీ వీడియోను కుదించే పద్ధతి), పాల్ (మన టీవీ పద్ధతి), 720×576, వీబీఆర్ (చోటును బట్టి మారే బిట్‌రేట్) టూ పాస్. 4,400 అన్నది యావరేజ్ లేదా టార్గెట్ అని ఉన్న గడిలో పెట్టాలి, మ్యాక్సిమమ్‌లో కాదు. మ్యాక్సిమమ్‌కు 8,000 ఇవ్వండి. డీవీడీ నిబంధన ప్రకారం వీడియోకు 9,800 దాకా వెళ్లవచ్చు గానీ పాత ప్లేయర్లు, బర్న్ చేసిన డిస్కులు అంత వేగంలో ఆగి ఆగి ఆడతాయి. టూ పాస్ అంటే మొదటిసారి సినిమా అంతా చూసి ఎక్కడ కష్టమో రాసుకుంటుంది, రెండోసారి ఆ ప్రకారం బిట్లు పంచుతుంది. అయ్యగారు మంత్రాలు చదువుతూ కూర్చున్న షాట్‌కు తక్కువ, తలంబ్రాలు పోసేటప్పుడు ఎక్కువ. గాల్లో ఎగిరే ప్రతి బియ్యపు గింజా వీడియోను కుదించే ఎన్‌కోడర్‌కు కొత్త సమాచారమే, పైన ఫ్లాష్ లైట్లు. గండికోటలో తీసిన ప్రీవెడ్డింగ్ డ్రోన్ షాట్‌లో రాళ్లు, పొదలు, పెన్నా నీళ్లు అన్నీ ఒకేసారి కదులుతాయి, అదీ అంతే. రాత్రి ముహూర్తాలైతే చీకట్లో కెమెరా తెచ్చే గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కదిలే చుక్కలు) బిట్లను నమిలేస్తుంది, కాస్త డీనాయిజ్ చేసి, అంటే ఆ చుక్కలు తగ్గించి, పంపితే ముఖాలు శుభ్రంగా వస్తాయి. ఇవన్నీ నాణ్యత సంగతి. సైజు మాత్రం టూ పాస్‌లో మీరు చెప్పినదానికి చాలా దగ్గరగా వస్తుంది.

73 నిమిషాల లోపు సినిమాకు లెక్కే అక్కర్లేదు, 8,000 పెట్టేయండి, పడుతుంది. అసలు కష్టం నాలుగు గంటల పెండ్లితో. 240 నిమిషాలకు మొత్తం 2,500, ఆడియో పోను వీడియోకు 2,300. 720×576 పూర్తి ఫ్రేమ్‌కు అది చాలదు, తలంబ్రాల దగ్గర బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. 3,000 కంటే తక్కువ వచ్చిందంటే నేను నలుగు, రిసెప్షన్ ఒక డిస్క్, ముహూర్తం ఇంకో డిస్క్ చేస్తాను. లేదంటే 8.5 జీబీ డ్యూయల్ లేయర్ (రెండు పొరల డిస్క్), దానికి 6,00,000 బదులు 10,80,000 వాడండి. కాకపోతే పాత ప్లేయర్లలో కొన్ని ఆ డిస్కును చదవవు, ముందే అడిగి కనుక్కోండి. బ్లూ-రే 25 జీబీకి 32,00,000.

పెన్‌డ్రైవ్‌కు, డేటా డిస్కుకు హెచ్.264 (ఇంకో కుదింపు పద్ధతి) చేసేవాళ్లు బిట్‌రేట్ బదులు సీఆర్‌ఎఫ్ అనే అంకె వాడుతుంటారు. అది నాణ్యతను పట్టుకుని సైజును వదిలేసే పద్ధతి, సూత్రంతో ముందే చెప్పలేం. అయినా దారి ఉంది. సినిమాలో ప్రతి పది నిమిషాలకొక చోట 30 సెకన్ల ముక్క తీయండి, బాగున్న చోటు వెతకొద్దు, గడియారం చూసి కోయండి. 130 నిమిషాలకు 13 ముక్కలు, మొత్తం ఆరున్నర నిమిషాలు, అంటే సినిమాలో సరిగ్గా ఇరవయ్యో వంతు. దాన్నొక్కదాన్నే అదే సెట్టింగ్స్‌తో ఎన్‌కోడ్ చేసి వచ్చిన సైజును 20తో గుణించండి. 260 ఎంబీ వస్తే మొత్తం 5,200 ఎంబీ అవుతుంది, డిస్కులో పట్టదు. సీఆర్‌ఎఫ్ ఆరు పెంచితే సైజు దాదాపు సగమవుతుంది, ఒకటి పెంచితే పదకొండు శాతం అటూ ఇటూ తగ్గుతుంది. ఇక్కడ రెండు పెంచితే 4,100 దగ్గరికి వస్తుంది. మరీ బిగుతుగా కావాలంటే సీఆర్‌ఎఫ్ వదిలేసి దీనికీ టూ పాస్ చేయండి.

పెన్‌డ్రైవ్‌లో ఇంకో చిక్కు. అది ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే ఒక్క ఫైల్ 429 కోట్ల బైట్లు దాటకూడదు, 32 జీబీ ఖాళీగా ఉన్నా కాపీ కాదు. పాత టీవీలు చాలావరకు ఫ్యాట్32నే చదువుతాయి, అందుకే ఒకే ఫైల్‌గా ఇవ్వాలంటే 6,00,000 స్థానంలో 5,50,000 పెట్టుకోండి.

రెండర్ అయ్యాక డీవీడీ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో జీబీ పక్కన ఉన్న బైట్ల సంఖ్య చూడండి, 470 కోట్లకు లోపల ఉండాలి. వేగం 8ఎక్స్ దాటకుండా బర్న్ చేసి, రాసింది సరిగ్గా ఉందో సరిచూసే వెరిఫై టిక్ పెట్టండి. తర్వాత కంప్యూటర్‌లో కాదు, టీవీకి తగిలించిన ప్లేయర్‌లో పెట్టి చివరి అప్పగింతల సీన్‌కు నేరుగా వెళ్లండి. డిస్క్ బయటి అంచున పడేది అదే, అక్కడ ఆగకుండా ఆడితే కవర్‌లో పెట్టి ఇచ్చేయొచ్చు.