హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో కస్టమ్ రిపోర్ట్ టైప్, పర్మిషన్లు పెట్టడం ఎలా?

హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో రిపోర్ట్ తయారు చేయడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు. దాన్ని తెరిచిన ప్రతి ఒక్కరికీ వాళ్లు చూడాల్సినంతే కనబడేలా చేయడం దగ్గరే పని చెడుతుంది. ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఎక్కడ చూసినా ఒకటే తప్పు: ముందు రిపోర్ట్ కట్టేస్తారు, పర్మిషన్ల సంగతి ఎవరో ఫిర్యాదు చేశాక చూస్తారు.

కావాల్సినవి మూడు: అడ్మిన్ లాగిన్, ప్రయోగాలకు ఒక శాండ్‌బాక్స్ (అసలు సిస్టమ్‌కి నకలు), ఒక తెల్ల కాగితం. కాగితం మీద ఎడమవైపు ఉద్యోగి, మేనేజర్, హెచ్‌ఆర్, పేరోల్ అని రోల్స్ రాయండి. పైన జీతం, బ్యాంక్ ఖాతా నంబరు లాంటి ఫీల్డుల పేర్లు రాయండి. ఏ రోల్‌కి ఏది కనబడాలో టిక్ పెట్టి, హెచ్‌ఆర్ హెడ్‌తో సంతకం చేయించుకోండి. ఆ సంతకం లేకుండా సాఫ్ట్‌వేర్ తెరవకండి.

ఇప్పుడు రిపోర్ట్ టైప్, అంటే రిపోర్ట్‌లో ఏ రికార్డులు, ఏ ఫీల్డులు వాడుకోవచ్చో చెప్పే అచ్చు. ప్రధాన ఆబ్జెక్ట్‌గా (ఆబ్జెక్ట్ అంటే ఒక రకం రికార్డులుండే పట్టిక) ఉద్యోగి రికార్డునే తీసుకోండి. సేల్స్‌ఫోర్స్ అనే ప్లాట్‌ఫామ్ మీద కట్టిన సాఫ్ట్‌వేర్ అయితే ఒకసారి సేవ్ చేశాక ప్రధాన ఆబ్జెక్ట్ మార్చలేరు, మొత్తం కలిపి 4 ఆబ్జెక్టులకు మించి జోడించలేరు. లీవు రికార్డులు కలిపేటప్పుడు 'కనీసం ఒక్కటైనా ఉండాలి', 'ఉన్నా లేకపోయినా పర్లేదు' అని రెండు దారులు అడుగుతుంది. 200 మందిలో 160 మందే లీవు పెట్టారనుకోండి. మొదటి దారి ఎంచుకుంటే మిగతా 40 మంది రిపోర్ట్‌లోంచి మాయమవుతారు. నేనెప్పుడూ రెండోదే పెడతాను. అక్కర్లేనివాళ్లను ఫిల్టర్‌తో తీసేయొచ్చు, లేనివాళ్లను ఫిల్టర్‌తో తెచ్చుకోలేం కదా.

బ్యాంక్ ఖాతా నంబరు, ఆరోగ్య వివరాల్లాంటివి అందరూ వాడే టైప్‌లో పెట్టనే వద్దు. పేరోల్‌కి వేరే టైప్ చేయండి. సేల్స్‌ఫోర్స్‌లో అయితే పని పూర్తయ్యేదాకా టైప్ స్టేటస్ 'ఇన్ డెవలప్‌మెంట్' (ఇంకా తయారీలో ఉంది)లోనే ఉంచండి.

అసలు కష్టం ఇక్కడి నుంచి. పర్మిషన్ అంటే ఒక్క తాళం కాదు, మూడు. రిపోర్ట్ తెరవగలరా అన్నది ఫోల్డర్ షేరింగ్ చెబుతుంది. ఎవరి వరుసలు కనిపిస్తాయన్నది రికార్డ్ యాక్సెస్. ఏ కాలమ్‌లు కనిపిస్తాయన్నది ఫీల్డ్ సెక్యూరిటీ. చాలామంది మొదటి తాళం వేసి పని అయిపోయిందనుకుంటారు. సక్సెస్‌ఫ్యాక్టర్స్ అనే హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో అయితే పర్మిషన్ ఎవరికి ఇస్తున్నాం, ఎవరి డేటా మీద ఇస్తున్నాం అని రెండూ విడివిడిగా అడుగుతుంది. ఈ రెండో ప్రశ్నను అశ్రద్ధ చేయకండి. వర్క్‌డే అనే మరో హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో డొమైన్ పాలసీ (ఏ డేటా ఎవరు చూడొచ్చో చెప్పే నియమం) మార్చాక, పెండింగ్ మార్పులను యాక్టివేట్ చేస్తేనే అవి అమల్లోకి వస్తాయి. అది మర్చిపోయి, పర్మిషన్ పనిచేయడం లేదని గంటల తరబడి వెతికినవాళ్లను చూశాను.

ఫిల్టర్‌ను తాళం అనుకోవద్దు. ఒకే రిపోర్ట్‌ను డిపార్ట్‌మెంట్‌కొకటి చొప్పున కాపీ చేసి, ఒక్కోదానికి ఒక్కో ఫిల్టర్ పెట్టే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ఎడిట్ హక్కు ఉన్నవాళ్లు ఆ ఫిల్టర్ తీసేస్తే చాలు, యాక్సెస్ ఉన్న రికార్డులన్నీ బయటపడతాయి. పైగా కాలమ్ ఒకటి మార్చాలంటే పది కాపీల్లో మార్చాలి. రికార్డ్ యాక్సెస్ సరిగా ఉంటే ఒక్క రిపోర్ట్ చాలు, తెరిచినవాళ్లను బట్టి వరుసలు వాటంతటవే మారతాయి.

ఫార్ములా ఫీల్డులతో ఇంకా జాగ్రత్త. జీతం ఫీల్డ్ దాచిపెట్టి, జీతం మీద లెక్కకట్టిన బోనస్ ఫార్ములాను అందరికీ చూపిస్తే జీతం చూపించినట్టే. సేల్స్‌ఫోర్స్‌లో అసలు ఫీల్డ్ చూసే హక్కు లేకపోయినా, ఫార్ములా ఫీల్డ్ చూసే హక్కుంటే జవాబు కనిపిస్తుంది. సగటులూ అంతే. టీమ్‌లో ఒక్కరే ఉంటే సగటు జీతమే వాళ్ల జీతం. ఇద్దరుంటే ఒకరి జీతం ఇంకొకరు ఇట్టే లెక్కకట్టేస్తారు. ఐదుగురి కంటే తక్కువ ఉన్న గ్రూపుకి సగటు చూపించకూడదు, ఎవరడిగినా సరే.

షెడ్యూల్ చేసిన ఈమెయిల్ అన్నిటికన్నా ప్రమాదం. రిపోర్ట్ ఎవరి పేరు మీద నడుస్తుందో వాళ్ల కళ్లతోనే డేటా వెళ్తుంది, అందుకునేవాళ్ల హక్కులతో పని లేదు. నేను పనిచేసిన ఒకచోట అడ్మిన్ పేరు మీద నడిచే హాజరు రిపోర్ట్‌లో ఎవరో జీతం కాలమ్ చేర్చారు. సోమవారం పొద్దున మేనేజర్లందరి ఇన్‌బాక్సుల్లోకీ అందరి జీతాలూ వెళ్లాయి. ఆ రోజు పడిన టెన్షన్ ఇంకా గుర్తుంది. పంపిన మెయిల్‌కి ఏ పర్మిషన్ సెట్టింగూ అడ్డుపడదు. డాష్‌బోర్డ్‌లోనూ 'ఎవరిలా చూడాలి' అనే సెట్టింగ్‌లో అడ్మిన్ పేరు ఉందేమో చూసి, చూసేవాళ్ల పేరు మీదే నడిచేలా మార్చండి.

చివరగా టెస్ట్. అడ్మిన్ లాగిన్‌తో చేసే టెస్ట్ లెక్కలోకి రాదు, అడ్మిన్‌కి అన్నీ కనిపిస్తాయి. శాండ్‌బాక్స్‌లో ప్రాక్సీ ద్వారా గానీ 'లాగిన్ యాజ్' ద్వారా గానీ (రెండూ ఇంకొకరి పేరుతో లోపలికి వెళ్లే సదుపాయాలే) ఒక మామూలు మేనేజర్‌గా లోపలికి వెళ్లండి. వరుసలు లెక్కపెట్టి అతని టీమ్ సంఖ్యతో పోల్చండి. ఎక్సెల్‌కి ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలులో కాలమ్‌లను మీ కాగితంతో ఒక్కొక్కటిగా సరిచూడండి. తర్వాత ఈ మధ్యే వేరే టీమ్‌కి మారిన ఒకరి పేరుతో మళ్లీ వెళ్లండి, పాత రోల్ ఇంకా తగులుకుని ఉందేమో అక్కడే తెలుస్తుంది. కాగితంలోని ప్రతి రోల్‌కీ ఇలా చూశాకే స్టేటస్‌ను 'డిప్లాయ్డ్' (వాడకానికి సిద్ధం)కి మార్చండి.