జుకినీ గింజలు నాటే ముందు జాగ్రత్తలు

జుకినీ గుమ్మడి జాతి కూరగాయ. హైదరాబాద్ వేసవి ఎండలు ఈ మొక్కకు పడవు. అక్టోబర్, నవంబర్‌లలో విత్తండి.

నలుగురున్న ఇంటికి రెండు మొక్కలు చాలు. ప్యాకెట్‌లోని గింజలన్నీ నాటేస్తే కాయలు పంచలేక అలసిపోతారు! ఇది గుబురుగా పరుచుకునే రకం. మొక్కకు 40 లీటర్ల సంచి, చుట్టూ మూడడుగుల చోటు ఉండాలి. తడి మట్టి చాలా బరువు, సంచులను డాబా మధ్యలో పెట్టకండి.

పై అంతస్తులకు తేనెటీగలు తక్కువగా వస్తాయి, కాబట్టి పుప్పొడిని మనమే అందించాలి. ఆడ పువ్వు వెనుక చిటికెన వేలంత పిందె ఉంటుంది, మగ పువ్వుకు సన్నని కాడే. పొద్దున్నే మగ పువ్వు రేకులు తీసి, పుప్పొడిని ఆడ పువ్వు మధ్యలో అద్దండి. లేకపోతే పిందె కొసనుంచి పసుపెక్కి కుళ్లిపోతుంది.

జానెడు కాగానే కోయండి. కాయలు ముదిరితే కొత్త పిందెలు తగ్గుతాయి. ఊరెళ్తుంటే పక్కింటివారిని కోసుకోమనండి.

మిగిలినవి బీరకాయలాగే పప్పుకూ పచ్చడికీ పనికొస్తాయి. తురిమి, ఉప్పు చల్లి, నీరు పిండేసి పెసరట్టు పిండిలో కలిపితే చాలా బాగుంటుంది.

వండేముందు చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. ఆ చేదు విషం, ఉడికించినా పోదు.