నుదుటి మీది లోతైన గీతకు ఏది పనిచేసింది

కనుబొమ్మలు ఎత్తినప్పుడే గీత పడితే బొటాక్స్ సూది ఒక్కటే చాలు. ముఖం కదపకున్నా గాడిలా ఉంటే మాత్రం, ఆ మందు కండరాన్ని సడలిస్తుంది గానీ చర్మంలో దిగిన మడతను పూర్తిగా చెరపదు.

నుదుటికి 20 యూనిట్లు, కనుబొమ్మల నడుమ 20: ఇది మామూలు మోతాదు. నుదుటి సూది కనుబొమ్మకు మరీ దగ్గరగా దిగితే కనుబొమ్మ వాలిపోతుంది, సర్దుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే దాదాపు 2 సెంటీమీటర్లు పైన వేయించుకోవాలి. ఫలితం 14 రోజులకు తేలుతుంది, 3–4 నెలలు నిలుస్తుంది.

అప్పటికీ మిగిలిన గాడికే పలచని హైలురోనిక్ ఫిల్లర్ (చర్మం కింద గాడిని నింపే జెల్ సూది), అదీ కొద్దిగా. కనుబొమ్మల మధ్య ఫిల్లర్ వద్దనే నా మాట. రక్తనాళంలోకి పోతే చూపే పోవచ్చు. హనుమకొండలో ఏ చర్మవైద్యుని దగ్గరికి పోయినా, ఫిల్లర్‌ను కరిగించే హైలురోనిడేజ్ మందు అక్కడే ఉందా అని ముందు అడగాలి. గాడికి చర్మం పైనుంచి చికిత్స చేయించుకుంటే, చామనఛాయ చర్మానికి లేజర్ కన్నా మైక్రోనీడ్లింగ్‌తో (సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చడం) నల్లమచ్చల భయం తక్కువ.